గుమ్మంలో చెప్పిన పేరు

మూడో పీరియడ్‌లో పాట నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

పాడటం కాదు, అర్థం చెప్పడం అయిపోయింది. గది మధ్యన వేలాడే అర్థదీపం పాటలోని ఆరు వరుసల మీద పచ్చటి వెలుగు పరచి, గాలిలో పొందికగా రాసింది: "నాట్లు వేసే స్త్రీ తన భర్తను తలచుకొని కట్టిన పాట. ఆధారం వందకు తొంభై ఏడు పాళ్ళు." తొమ్మిది మంది పిల్లలూ ఆ వాక్యాన్ని తమ పలకల్లోకి దింపుకున్నారు. పాట మాత్రం ఇంకా గాలిలోనే వెలుగుతూ ఉంది.

ముసురు పట్టింది మూడు దిక్కుల నిండ
నారు కట్టల మీద నా సూపు నేదు
నువ్విచ్చిన కోక నాను కట్టేను
నానిచ్చిన కోక నువు కట్టినావా
గట్టెక్కి ఒస్తే గంజి పంచుకుందుము
పేరెట్టి పిలవలేను, పెదవి కాలుతాది

వంశధార ఒడ్డున ఉన్న ఆ కళాశాలలోనే కాదు, అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఇంటింటా అర్థదీపం ఉంది. మందుచీటీ గానీ, కోర్టు కాగితం గానీ, చుట్టాల ఉత్తరం గానీ దాని కింద పెడితే చాలు. లోకంలో ఉన్న రికార్డులన్నీ రెప్పపాటులో తిరగేసి, ఇదీ అర్థమని ఒక్కటే చెప్పేది. దానివల్ల జరిగిన మేలు తక్కువేం కాదు. చదువురాని మనిషి చేత తెలియని కాగితం మీద వేలిముద్ర వేయించుకునే రోజులు పోయాయి. అత్తాకోడళ్ళ మధ్య దెప్పులు కూడా పోయాయి. అత్తగారు "కూర బాగానే ఉందిలే" అనేసరికి పక్కనే దీపం ఆ మాట కడుపులో ఏముందో పెద్దక్షరాలతో రాసేస్తే, ఇక దెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? మనుషులు ఒకరి మాట ఒకరు తప్పుగా తీసుకోవడం మానేశారని అందరూ సంబరపడ్డారు. తీసుకోవడమే మానేశారని ఎవరికీ తోచలేదు.

తారిణి చెయ్యెత్తింది. పలాస వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల. నెమ్మదస్తురాలు.

"మేడమ్, మగవాడు కోక కట్టుకోడు కదా?"

జవాబు పంతులమ్మ పద్మప్రియ చెప్పేలోపే దీపం చెప్పింది: "ఇక్కడ కోక అనగా పురుషుని పైబట్ట అని గ్రహించాలి."

"అయిపోయింది! మా తాతలందరికీ కోకలు కట్టించేసింది మేడమ్ ఇది," అన్నాడు వెనక బల్ల రుద్రాంశ్. గది ఘొల్లుమంది.

పద్మప్రియ కూడా నవ్వింది. ఆవిడ బోధించే పేపరు పేరు 'మరో చూపు'. ఒకప్పుడు దాన్నే క్వీర్ విమర్శ అనేవాళ్ళు. అర్థాలన్నీ తేలిపోయాక ఇంకా విమర్శ ఎందుకని ఆ పేపరు ఎత్తేసిన కళాశాలలే ఎక్కువ.

"తారిణి వ్యాసం రాసింది. ఈ పాటలో పిలిచే మనిషీ ఆడదే, పిలిపించుకునే మనిషీ ఆడదే అంటోంది. ఇద్దరు ఆడవాళ్ళు కోకలు మార్చుకుని నేస్తం కట్టుకునే ఆచారం ఈ ప్రాంతంలో ఉండేదని గుర్తు చేస్తోంది. అడగండి, ఏం అడుగుతారో."

రుద్రాంశ్ లేచాడు. "అడుగుతాను మేడమ్, ఏమీ అనుకోకండి. ఇద్దరు స్నేహంగా ఉంటే ప్రతిసారీ అది ప్రేమేనా? నాకూ ఉన్నాడొక ఫ్రెండు. వాడి చొక్కా నేను వేసుకుంటాను, నాది వాడు వేసుకుంటాడు. రేపు మా మీద కూడా వ్యాసం రాస్తారేమో!"

"నీ మీద రాయడానికి చొక్కా ఒక్కటి చాలదు," అంది ముందు బల్ల మీది పిల్ల. మళ్ళీ నవ్వులు.

"మంచి ప్రశ్నే," అంది పద్మప్రియ. "ప్రతిసారీ ప్రేమ కాదు. కానీ ఒకటి చూడండి. పాటలో ఒక మగా ఒక ఆడా కనిపిస్తే చాలు, ప్రేమ అని రాసేసుకుంటాం. సాక్ష్యం అడగం. ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో అనేసరికి సాక్ష్యం తెమ్మంటాం. ఆ తేడా ఎందుకొచ్చిందని అడగడమే ఈ విమర్శ చేసే పని. శరీరం, కోరిక, ఇష్టం, ఇవి క్లాసులో మాట్లాడుకోగూడని మాటలు కావు. పాట కట్టినావిడ సిగ్గుపడకుండా చేలో నిలబడి పాడింది. మనం నీడపట్టున కూర్చుని సిగ్గుపడితే ఎలా?"

తారిణి తన వ్యాసాన్ని దీపం కిందికి జరిపింది. పచ్చటి వెలుగు ఇటుక రంగుకు తిరిగింది. "ఆధారం లేదు. పేరు పలకలేనన్న చివరి వరుస భర్తను సూచించును. భార్య భర్త పేరు పలకకపోవడం ఆచారం. ఈ వ్యాసం శుక్రవారం సాయంత్రం తొలగించబడును."

తొలగించడమంటే తుడిచేయడమే. పేపరు తప్పినట్టే. కానీ గంట కొట్టి అందరూ వెళ్ళాక పద్మప్రియ దగ్గర తారిణి అన్న మాట మార్కుల గురించి కాదు.

"మేడమ్, దీపంలో ఇంత దేశపు పాటలున్నాయి. అన్నీ వెతికాను. ఎక్కడా ఒక ఆడది ఇంకో ఆడదాన్ని తలచుకున్నట్టు ఒక్క అర్థమూ లేదు. ఇదొక్కటే నా చేతికి దొరికింది. ఈ అర్థాన్ని కూడా తుడిచేస్తే, నాలాంటి వాళ్ళు ఇంతకుముందు ఎప్పుడూ పుట్టలేదని చెప్పినట్టేగా?"

పద్మప్రియ ఆ పిల్ల మొహం చూసింది. దీపం వైపు తిరిగి అడిగింది: "ఈ పాట ఎవరు పాడారు?"

"తంపరవలస మౌనిక. వయసు ఇరవై ఆరు. సేకరించి యాభై ఏడేళ్ళు."

"అర్థం మార్చాలంటే?"

"పాట కట్టినవారు జీవించి ఉన్నచో, దీపం ఎదుట స్వయంగా, ఎవరిని గూర్చి కట్టిరో వారి పూర్తి పేరు పలకవలెను."

ఇరవై ఆరూ యాభై ఏడూ ఎనభై మూడు. పద్మప్రియ బ్యాగు భుజాన వేసుకుంది. "పద. ఒంటిగంట తేలుబండి దొరుకుతుంది."

*

తేలుబండి నేలకు జానెడెత్తున గాలిలో తేలుతూ జీడితోటల మధ్యగా పోయి తంపరవలస చెరువుగట్టు దగ్గర దింపింది. మౌనికమ్మ ఇల్లెక్కడని అడగాల్సిన పని లేకపోయింది. వీధి మొదట్లోకే మాట వినిపించింది. పేరు మౌనికే గానీ ఆవిడ నోరు మూతపడగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

అరుగు మీద కూర్చుని చేటలో చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. లోపల గూట్లో అర్థదీపం మీద పెద్ద వెదురుబుట్ట బోర్లించి ఉంది.

"ఆ బుట్టేమిటమ్మా?" అంది పద్మప్రియ.

"దీపమమ్మా. మా మనవడు ఎట్టించేడు. నాను మాటాడితే సాలు, ఆ మాటకి అర్తం రాస్తంది. నా మాటకి అర్తం నాకు తెల్దేటి? అందికే కప్పెట్టేను. కోడిపెట్టకి అలవాటే, దీపానికీ అలవాటవుద్ది. కూకోండి. ఎవుల తాలూకా మీరు? ఈ గుంటకి ఎండ తగిలినట్టుంది, మొకం పీక్కుపోనాది. మజ్జిగ తెత్తానుండు," అంది తారిణిని చూస్తూ.

మజ్జిగ తాగాక తారిణి పాటలో మొదటి వరుస చదివింది. రెండో వరుస చదవనవసరం లేకపోయింది. మౌనికమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని మిగిలిందంతా పాడేసింది. గొంతు వణికింది గానీ ఒక్క అక్షరం తప్పలేదు.

"ఇది మీకెక్కడ దొరికిందే తల్లీ! ఒక సేకరణ బాబు ఒచ్చేడు, సెవిలో పువ్వులాటి యంత్రం ఎట్టుకోని. ఆరోజు ముసురు. ఆ బాబు కొత్త జోడు బురదలో కూరుకుపోతే మాం నలుగురం లాగినాం. జోడొచ్చింది, కాలు రానేదు." నవ్వింది. "మంచోడు. అందరికీ బిస్కెట్లు ఎట్టేడు."

"ఆయన మిమ్మల్ని ఏమడిగాడు అమ్మమ్మా?"

"ఎవుల మీద కట్టినావమ్మా ఈ పాట అనడిగేడు. పేరు సెప్పకూడదు బాబూ అన్నాను. తలొంచుకున్నాను. ఆయన నవ్వీసి రాసుకున్నాడు."

పద్మప్రియ, తారిణి ఒకరినొకరు చూసుకున్నారు. భార్య భర్త పేరు పలకదని ఆ బాబుకు తెలుసు. నేస్తం కట్టుకున్నాక నేస్తం పేరు కూడా పలకకూడదని, జీవితాంతం 'నేస్తం' అనే పిలుచుకోవాలని ఆయనకు తెలియదు. ఆయన రాసుకున్నదే దీపం నేర్చుకుంది.

"ఏం రాశాడో తెలుసా అమ్మా? మీ ఆయన మీద కట్టారని," అంది పద్మప్రియ మెల్లగా.

మౌనికమ్మ చేటలో చోళ్ళు చెల్లాచెదురయ్యేలా నవ్వింది. "ఆడి మీదా! ఓలమ్మో! ఆడు ఇంటే నవ్వలేక సచ్చును. పాపం, ఎప్పుడైనా గట్టెక్కి ఒచ్చినా గంజి పంచుకునే రకమేటి ఆడు? కుండ ఎత్తీసేవోడు." నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తుడవడం ఆగలేదు. "ఈ మాట మా నేస్తం ఇన్నాదేటి? దాని ఇంట్లోనూ దీపమున్నాదే. ఎప్పుడన్నా ఎలిగించి ఇన్నాదేమో. నాకు సెప్పకుండా కడుపులో ఎట్టుకోని పోనాదేమో."

నేస్తం పోయి పదకొండేళ్ళట. పెద్దకర్మ రోజున ఇంటివాళ్ళతో పాటు మౌనికమ్మకూ కోక పెట్టారట. ఆ కోకను ఆవిడ ఒక్కసారి కూడా కట్టలేదు.

తారిణి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి అడిగింది. "అది ప్రేమేనా అమ్మమ్మా?"

"అందరి నేస్తరికం ఒకలాటిది కాదే గుంటా. కొందరిది పండక్కీ పబ్బానికీ పలకరింపు. మాది..." మౌనికమ్మ నోట మాట ఆగడం అదే మొదటిసారి. "పొద్దుట దాని మొకం సూడకపోతే నాకు ముద్ద దిగేది కాదు. అది పక్కన కూకుంటే నా ఒళ్ళు నాకు తెలిసేది. మా ఆయన మంచోడు, ఆడికి నాను లోటు సెయ్యనేదు. ఆ ఇష్టం ఏరు, ఇది ఏరు. మీ సదువులో దీనికేటి పేరున్నాదో నాకు తెల్దు."

"నాకూ ఉంది అమ్మమ్మా. ఒక అమ్మాయి." తారిణి చేటలోని చోళ్ళకే చెబుతున్నట్టు అంది. "ఇంట్లో తెలియదు. ఈ పాటలో నిజంగా ఎవరైనా ఉన్నారని తేలితే, అప్పుడు చెబుదామనుకున్నాను."

మౌనికమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఉన్నామే. ఎందుకు నేం? శుక్రారం నానే ఒచ్చి సెప్తాను."

"పేరు చెప్పాలమ్మా దీపానికి," అంది పద్మప్రియ.

ఆవిడ ఆ పిల్ల గడ్డం వదిలేసింది. "అది మాత్రం నా వల్ల కాదు టీచరమ్మా. పోయినా సరే, నేస్తం పేరు నేస్తం నోట అనకూడదు. ఒస్తాను. నాకు తెలిసిందంతా సెప్తాను. పేరు మాత్రం అడక్కండి."

*

శుక్రవారం మధ్యాహ్నం మౌనికమ్మ కళాశాలకు వచ్చింది. వరండా అంతా కబుర్లు చెప్పుకుంటూనే వచ్చి, తరగతి గుమ్మం ముందు ఆగిపోయింది. లోపల దీపం ఆవిణ్ణి గుర్తుపట్టి తెల్లగా వెలిగింది.

"సాక్షికి నమస్కారం. పాట ఎవరిని గూర్చినదో వారి పూర్తి పేరు పలకండి."

"మా నేస్తం మీద కట్టినాను బాబూ. ఇద్దరం ఒక్క మడిలో నాటేవోళ్ళం. అది నాకు ఆకుపచ్చ కోక ఇచ్చింది, నాను దానికి..."

"పేరు పలకండి."

"పేరు పలకకూడదు."

"పేరు పలకకపోవడం భర్త విషయమైన ఆచారం. పాత అర్థమే బలపడినది. ఆధారం వందకు తొంభై తొమ్మిది పాళ్ళు."

అంటే యాభై ఏడేళ్ళ కింద చేలో ఏ మౌనాన్ని చూసి తప్పు రాసుకున్నారో, అదే మౌనాన్ని చూసి దీపం మళ్ళీ అదే తప్పు రాసుకుంది. పద్మప్రియ ఏదో చెప్పబోయింది. దీపం పంతుళ్ళ మాట సాక్ష్యంగా తీసుకోదు. తారిణి తన పలకను బ్యాగులో పెట్టేసుకుంది. మౌనికమ్మ ఆ పిల్లనే చూస్తూ, గుమ్మం బయట చీర కుచ్చిళ్ళు నలుపుతూ నిలబడింది. "నా వల్లే పాడైపోనాది," అంది.

అప్పుడు వెనక బల్ల మీంచి రుద్రాంశ్ గబగబా వచ్చి, రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండి అమ్మమ్మా. ఊరికే రానిస్తామా? పేరు చెప్పి లోపలికి రండి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ముందు బల్ల పిల్ల అందుకుంది. పరుగున వెళ్ళి అతని పక్కన నిలబడింది. "అవును, మా అన్న పెళ్ళిలో వదినని నేనూ ఇలాగే ఆపాను. ఆడపడుచుకి కట్నం లేకపోయినా ఫర్వాలేదు, పేరు చెప్పాల్సిందే!"

కొత్త పెళ్ళికూతురు అత్తవారి గడప దాటేటప్పుడు ఆడపడుచులు అడ్డం నిలబడతారు. ఏడాది పొడుగునా పలకకూడని మొగుడి పేరు ఆ ఒక్కచోట పలకొచ్చు. పలకాలి కూడా. పలకందే ఎవరూ దారివ్వరు. తప్పు కాకపోగా అదొక ముచ్చట. నేస్తం కట్టుకున్న ఆడవాళ్ళకు కోకలిచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, చావులో చోటిచ్చారు గానీ, ఒక గడప ముందు నిలబెట్టి పేరడిగినవాళ్ళు ఎవరూ లేకపోయారు.

తొమ్మిది మందీ లేచి గుమ్మం నింపేశారు. "చెప్పాలి, చెప్పాలి" అని ఒకటే గోల.

"ఓరి నా తండ్రీ," అంది మౌనికమ్మ. ఎనభై మూడేళ్ళ ఆ మొహం మీదికి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుంది. "మాకు గడప కట్టినోలు ఎవులూ నేర్రా ఇన్నాళ్ళూ. మీరు కట్టినారా?"

"కట్టాం. కాళ్ళు నొప్పెడుతున్నాయి, తొందరగా చెప్పండి," అన్నాడు రుద్రాంశ్.

"నానూ..." ఆగింది. తారిణి చెయ్యి కోసం తడుముకుంది. తారిణి అందించింది.

"నానూ, మా నేస్తం బెండి దమయంతీ ఒచ్చినామమ్మా. దారియ్యండి."

పిల్లలు దారిచ్చారు. ఆవిడ కుడికాలు ముందు పెట్టి, పక్కన ఇంకో మనిషికి చోటుంచుకున్నట్టు కాస్త ఓరగా లోపలికి వచ్చింది. దీపం చాలాసేపు ఏ రంగూ లేకుండా ఉండిపోయి, చివరికి రాసింది: "దమయంతిని తలచుకొని మౌనిక కట్టిన పాట." పాళ్ళు ఏమీ రాయలేదు.

"దీనికి దండం," అంది మౌనికమ్మ దీపం వైపు చేతులు జోడించి. "తప్పు రాసినా ఒగ్గీకుండా దాసింది. దాయకపోతే ఈ గుంటకి దొరికేదేటి? మీకూ దండాలురా పిల్లలూ. నాలుగు మాటలు సెప్పి పోదామని ఒచ్చిన మనిషిని కొత్త పెళ్ళికూతుర్ని సేసీసినారు." తర్వాత ఆవిడ మాట ఆపలేదు. సాయంత్రం గంట కొట్టేదాకా దమయంతి, దమయంతి అంటూనే ఉంది. అన్నేళ్ళ పేరు ఒక్కరోజులో వాడేసుకున్నట్టు వాడుకుంది.

*

ఆదివారం తారిణి ఇంటికి వెళ్ళి చెప్పింది. వాళ్ళమ్మ అలవాటు కొద్దీ, కూతురు అన్న మాటకు అర్థమేమిటో చూద్దామని దీపం వైపు చెయ్యి చాపింది. చాపి, వెనక్కి తీసుకుంది. నాలుగు దూదివత్తులు చేసి, "ఆ పిల్ల పేరేమిటి?" అనడిగింది.

"కృతి."

"తిండి సరిగ్గా తింటుందా?" అంది. ఆ పూటకు అంతే. తారిణికి అదే చాలనిపించింది.

అర్థం ఒకచోట మారితే అన్ని దీపాల్లోనూ మారుతుంది. అది దీపం చేసినవాళ్ళకు తెలిసిన సంగతే. శుక్రవారం సాయంత్రానికే రాష్ట్రమంతటా ఆ పాట కింద దమయంతి పేరూ, ఆ పేరు చెప్పిన కళాశాల గుమ్మం సంగతీ వెలిగాయి. మారిన అర్థాన్ని జనం చదువుకుని ఊరుకుంటారని వాళ్ళు లెక్క వేశారు. బయలుదేరి వస్తారని మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

సోమవారం మొదటి పీరియడ్‌కి వరండాలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. కళింగపట్నం వైపు మనిషి. జీవితమంతా సముద్రం మీద తిరిగినవాడని ఆ అరచేతులే చెబుతున్నాయి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఇక్కడేనా అమ్మా, పేరు సెప్పుకుని లోనకెళ్ళేది?"

తారిణి ఎదురు వెళ్ళింది. "ఇక్కడే తాతా. ఏ పాట మీది?"

"పాట నేదమ్మా." ఆయన తల దించుకున్నాడు. "నాకు పాటలు రావు. పేరుంది."

తారిణి వెనక్కి తిరిగి పద్మప్రియ వైపు చూసింది. పద్మప్రియ తల ఊపింది. దీపాన్ని ఎవరూ అడగలేదు.

తారిణి గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపింది.